చూసినవాడి మాట

కొండల మీద శత్రువులు ఎక్కి కూర్చున్న సంగతి దాడి మొదలయ్యేదాకా మనవాళ్లలో ఎవరికీ తెలియదని ఇప్పటికీ సభల్లో చెబుతున్నారు. ముందు వరసలో నాకూ కుర్చీ వేస్తారు. ఆ మాట అబద్ధం. తెలుసు. చెప్పినవాడు పాల్మాకుల మనిషి, విన్నవాణ్ణి నేను. ఇది నచ్చనివాళ్లు ఇకమీద నాకు కుర్చీ వేయనక్కర్లేదు.

మాది శంషాబాద్ పక్కన తొండుపల్లి. తొంభైలలో నేను సైన్యంలో, సరిహద్దు పోస్టుల నుంచి కబుర్లు చేరే గదిలో పనిచేసేవాణ్ణి. చెప్పినవాడు కళ్లారా చూశాడా, ఎవరి దగ్గరైనా విన్నాడా అన్నది తేల్చి, నమ్మవచ్చో లేదో రాసి పైకి పంపాలి. మాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటుండేది. ఒక్కడు అన్న మాటే నాలుగు దారుల్లో వచ్చి, నలుగురు చెప్పినట్టు కనిపించడం. అందుకే కబురును ఎంతమంది మోశారని కాదు, ఎక్కడ పుట్టిందని అడిగేవాళ్లం. ఆ పనిలో నాకు మంచి పేరు.

నా స్నేహితుడు అదే కొండల్లో ఒక గస్తీ దళానికి నాయకుడు. వాళ్ల నాయన మాకు దగ్గర్లోని పాల్మాకులలో ద్రాక్షతోట కౌలుకు చేసేవాడు. ఆదివారం ఇంటిల్లిపాదీ చర్చికి పోయేవాళ్లు. మేమిద్దరం సెలవులు కలిసేలా చూసుకుని ఒకే రైల్లో వచ్చేవాళ్లం.

యుద్ధానికి ముందటి చలికాలం అలాగే వచ్చాం. శంషాబాద్‌లో ఏ హోటల్లో చాయ్ తాగినా ఒకటే ముచ్చట. ఇక్కడ విమానాశ్రయం వస్తుందట, భూములు పోతాయట. మా నాయన అన్నం సరిగా తినడం మానేశాడు. నేను నా విద్య చూపించాను. ఆయనకు చెప్పినవాళ్లను పట్టుకుని, నీకెవరు చెప్పారని అడుగుతూ పోతే, అందరూ చివరికి బస్టాండు దగ్గరి ఒక భూముల బ్రోకరు దగ్గర తేలారు.

"ఊరంతా అంటున్నరు అంటివి గదా నాయినా. ఊరు కాదు, ఒక్కడే. నిమ్మళంగ పండుకో."

పక్కనే చాయ్ తాగుతున్న నా స్నేహితుడు నవ్వాడు.

"ఒక్కడు చెప్తే అబద్ధమైతదారా? గా బ్రోకరుకెట్ల తెలిసిందో అడిగినవా?"

"బ్రోకరు మాట మీద గూడ ఎంక్వైరీ జెయ్యాల్నా?"

"జెయ్యకు. పెద్ద కలెక్టర్‌వి గదా, కుర్చీల కూసొనే అన్ని తెలుస్తయి నీకు."

విమానాశ్రయం వచ్చింది. భూములూ పోయాయి. అది తర్వాతి సంగతి.

మేమున్న కొండల్లో ఒక అలవాటు ఉండేది. మంచు ముదిరాక ఎత్తైన పోస్టులు వదిలి కిందికి దిగడం, ఎండలు వచ్చాక మళ్లీ ఎక్కడం. అవతలివాళ్లూ అంతేనని నమ్మకం. తొంభై తొమ్మిది వేసవిలో, మేమింకా ఎక్కకముందే, ఒక గొర్రెల కాపరికి పైన కొత్త మనుషులు కనిపించారని కబురు వచ్చింది. దాని వెనకే నా స్నేహితుడి దళం నుంచి మరొకటి. మేము వదిలివచ్చిన శిఖరం మీద కొత్తగా పేర్చిన రాతిగోడ, దాని వెనక పొగ.

ఫోనులో అతణ్ణి పిలిచాను. ఆ లైనులో తెలుగు మాట్లాడకూడదు. మాట్లాడాం.

"గా గొర్లాయనను కలిసినవారా నువ్వు?"

"కలిసిన. గాయన చెప్పినంకనే పైకి పోయిన."

"అయితే రెండు కబుర్లు ఒకటేనన్నట్టు."

"ఒకటెట్లయితది? గాయన కండ్లు గాయనయి, నా కండ్లు నాయి. గోడ చూసిన, పొగ చూసిన. చూసిండని రాయి."

"సరే, ఉండు."

రాయలేదు. రెంటినీ కలిపేసి, ఒకేచోట పుట్టిన మాట, ధ్రువపడలేదు అని రాశాను. నియమం ప్రకారమే చేశానని చాన్నాళ్లు చెప్పుకున్నాను. అది సగం నిజం. అంతకు ముందే మా అధికారి, అంతా ప్రశాంతంగా ఉందని పైకి పంపి ఉన్నాడు. ‘చూశాడు’ అని రాస్తే ఆయన మాటకు నేను అడ్డం పోయినట్టే. ఆయన చదివి సంతకం పెట్టాడు.

ధ్రువపడని కబురును ధ్రువపరచుకోవాలి కదా. మళ్లీ ఎక్కి చూసిరమ్మని అతని దళాన్నే పంపారు. గోడ వెనక ఉన్నవాళ్లు ఈసారి కాల్చారు. అతనూ, వెంట వెళ్లిన వాళ్లూ ప్రాణాలతో తిరిగి రాలేదు. తర్వాత దాడి సంగతి అందరికీ తెలిసిందే.

వానలు వెనకబట్టాక పాల్మాకుల పోయాను. అతని తండ్రి ద్రాక్ష కొమ్మలు కత్తిరిస్తున్నాడు. కత్తెర ఆపకుండానే అడిగాడు.

"ఒక్కటి చెప్పు బిడ్డా. తెలిసి పోయిండా, తెల్వక పోయిండా?"

"ఎవ్వరికీ తెల్వదు బాపు."

కొన్ని రోజులకు శంషాబాద్ హోటల్లో, నా వెనక బల్ల దగ్గర ఎవరో అంటున్నారు.

"లీడరంట. ముంగటున్నది కనబడలేదంట. ఉత్తపుణ్యానికి నలుగుర్ని తీస్కపోయి సంపిండు."

"నీకెవరు చెప్పిన్రన్నా?" అని తిరిగి అడిగాను.

అతను ఇంకొకరి పేరు చెప్పాడు. ఆ మనిషిని వెతికి అడిగాను. అతను మరొకరిని చూపించాడు. ఆ చివరి మనిషి నన్ను వింతగా చూశాడు.

"వాళ్ల నాయిననే అన్నడు, పిలగానికి ఏం తెల్వకుండెనని. మిలిటరీల పనిచేసే దోస్తు వచ్చి చెప్పిండంట."

ఊరు కాదు. ఒక్కడే. నేనే.

నవంబరు మొదట్లో సమాధుల పండుగ వచ్చింది. సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ఊరివాళ్లంతా నిలబడ్డారు. ప్రార్థన అయ్యాక, అతని సమాధి దగ్గర నిలబడి అందరికీ చెప్పాను. గోడ, పొగ, ఫోను, నేను రాసింది, రాయనిది.

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకన్నా? నౌకరీ పోతది," అన్నాడు చర్చి సంఘంలో ఒకాయన.

"పోనీ."

తండ్రి ఆరిపోయిన కొవ్వొత్తిని మళ్లీ వెలిగించి లేచాడు.

"చూసిండన్నట్టు."

"చూసిండు బాపు."

"నీకు చెప్పిండన్నట్టు."

"నాకే చెప్పిండు."

"తోటల నేను అడిగిననాడు గూడ నీకు ఎరుకే." అది ప్రశ్న కాదు. "ఇగ నువ్వు పో బిడ్డా."

వచ్చేశాను. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేను అడగనూ లేదు. నా నౌకరీ పోలేదు. నన్ను ఆ గది నుంచి మార్చారు, అంతే.

మరుసటి సెలవుకు వచ్చినప్పుడు చూశాను. సమాధి రాయి మీద, అందరి రాళ్ల మీదా ఉండే బైబిలు వాక్యం కింద, కొత్తగా చెక్కించిన ఒక వరస ఉంది: "చూసిండు, చెప్పిండు."

ఎవరికీ తెలియదనేవాళ్లు పోయి చదవండి. ఆ మాట ఎక్కడ పుట్టిందని అడగాలనిపిస్తే నా దగ్గరికి రండి.