హాలు టికెట్టు రానివాళ్ళు

మా కాలేజీ మూతపడి చాలా కాలమయింది. హిందూపురంలో అది ఉండిన చోట ఇప్పుడొక గోడౌను ఉంది. ఈమధ్య పాత విద్యార్థులు కొందరు కలిసి జ్ఞాపకాల సంచిక వేసి నాకూ ఒక ప్రతి పంపారు. అరవైల మొదట్లో మా పి.యు.సి. ఫలితాల వంటివి చుట్టుపక్కల మరే కాలేజీకీ రాలేదని, అదంతా గురువుల దీక్షేనని అందులో ఒక పేజీ నిండా రాశారు. ఆ ఫలితాలు ఎలా వచ్చాయో తెలిసిన సిబ్బందిలో బహుశా నేనొక్కడినే మిగిలాను. నేను చెప్పకుండా పోతే ఆ పేజీయే చరిత్ర అవుతుంది. అందుకని రాస్తున్నాను.

నేను అక్కడ గుమాస్తాను. బడి చదువు పెనుకొండలో థర్డ్ ఫారంతోనే, అంటే ఎనిమిదో తరగతితోనే, ఆగిపోయింది. ఆ తరవాత నేర్చుకున్నదంతా గ్రంథాలయం బెంచీ మీదే. యాభైలలో పెనుకొండ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలన్నీ అయిపోతే, పక్కన నిఘంటువు పెట్టుకుని ఇంగ్లీషువి మొదలుపెట్టాను. ఒక్కో పేజీకి ఒక సాయంత్రం పట్టేది. అలా చదివినవాణ్ణని నాకు గర్వం. ఇప్పటికీ ఉంది. కానీ ఈ కథలో నష్టం చేసింది ఆ గర్వమే.

కాలేజీలో చేరినవాళ్ళ రిజిస్టరు నా చేతిలో ఉండేది. జూన్, జులై నెలల్లో అది పేర్లతో నిండేది. మడకశిర, రామగిరి, కదిరి వైపు పల్లెల నుంచి వచ్చేవాళ్ళు. చాలామంది తమ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళు. నిన్నటిదాకా తెలుగులో చదివి, ఇక్కడ పాఠాలన్నీ ఒక్కసారిగా ఇంగ్లీషులో వినేసరికి దిక్కు తోచేది కాదు. వేరుశెనక్కాయలు పెరికే రోజులకు కొందరు ఇంటికి పోయి మళ్ళీ వచ్చేవాళ్ళు కాదు. వాళ్ళ పేర్ల మీద నేను ఎర్ర సిరాతో గీత గీసేవాణ్ణి. పి.యు.సి. ఒక్క ఏడాదే; మిగిలినవాళ్ళు మార్చిలో యూనివర్సిటీ పరీక్ష రాసేవాళ్ళు. గట్టెక్కేది కొందరే.

డిగ్రీ తరగతులు పెట్టుకోవాలని ప్రిన్సిపాలుగారి ఆశ. ఫలితాలు బాగుంటేనే యూనివర్సిటీ అనుమతిస్తుందని ఆయన దిగులు. ఆ రోజుల్లోనే నేను గణాంకాల గురించిన ఒక ఇంగ్లీషు పుస్తకం చదువుతున్నాను. ఒక సాయంత్రం దాన్ని చంకన పెట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళాను.

"సార్, యూనివర్సిటీ శాతం కట్టేది పరీక్ష రాసినవాళ్ళ మీద. చేరినవాళ్ళ మీద కాదు. భిన్నంలో కింది అంకె తగ్గితే, పైది పెరక్కపోయినా శాతం పెరుగుతుంది."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "అంటే?"

"ఎలాగూ తప్పేవాళ్ళను పరీక్షకు పంపకపోతే సరి."

"ఇంతమంది ఎమ్మేలు ఉన్నారు, ఒక్కరికీ తట్టలేదే!" అన్నారు.

ఆ మాట నాలుగు రోజులు చెవిలో మోగింది. అప్పటిదాకా నా చదువును మెచ్చుకున్న చదువుకున్నవాడు ఎవరూ లేరు.

మా అటెండరు మాత్రం ఎగతాళి చేశాడు. "ఏమప్పా లెక్కల సామీ, పిల్లోళ్ళను తీసేసి మార్కులు పెంచుతాండావంట గదా! మా ఇంటామె దినామూ బియ్యంలో రాళ్ళేరుతాది. ఏరినకొద్దీ బియ్యం ఎప్పుడూ పెరగలేదే!"

"నీకు శాతమంటే తెలియదులే," అన్నాను.

"తెల్దప్పా. గమ్మునుంటా."

అర్ధ సంవత్సరం పరీక్ష మార్కులు చూసి జాబితా నేనే తయారుచేశాను. ఊరికే ఆపితే గొడవలవుతాయి కాబట్టి ప్రిన్సిపాలుగారు దానికొక పద్ధతి పెట్టారు. తండ్రిని పిలిపించి, 'సొంత కారణాల వల్ల మా అబ్బాయిని కాలేజీ మాన్పిస్తున్నాను, టి.సి. ఇప్పించండి' అని ఆయనే అడిగినట్టు దరఖాస్తు తీసుకోవాలి. వచ్చేవాళ్ళలో చాలామందికి రాయడం రాదు. నా దస్తూరి బాగుంటుందని దరఖాస్తులు నన్నే రాయమన్నారు.

ఆ జాబితాలో పెనుకొండ కుర్రవాడొకడున్నాడు. రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. సాయంత్రం బండికి ముందు హిందూపురం టౌను గ్రంథాలయంలో నాకు ఎదురుగా కూర్చుని నా నిఘంటువు అడిగి తీసుకునేవాడు. అర్ధ సంవత్సరంలో ఇంగ్లీషులో మార్కులు బాగా తక్కువ. ఆ తరవాత కుదురుకుంటున్నాడని నాకు తెలుసు. మొదట్లో వరసకొక మాట వెతికేవాడు, జనవరి నాటికి పేజీకి రెండు మూడు మాటలే వెతుకుతున్నాడు. కానీ మార్కుల గీత అందరికీ ఒకటే ఉండాలని పుస్తకంలో చదివాను. అతని పేరు ఉంచేశాను.

తండ్రి పెనుకొండలో స్టవ్వులు, తాళాలు బాగుచేసేవాడు. పిలిస్తే మర్నాడే వచ్చాడు. నేను దరఖాస్తు రాస్తుంటే ఊరికే కూర్చోలేక, మా బీరువా తాళం బిగుసుకుపోయి ఉండడం చూసి జేబులోంచి చిన్న ఆకురాయి తీసి దాన్ని సరిచేశాడు.

"సారూ, మావాడు ఏమన్నా తప్పు చేసినాడా?"

"లేదు. ఇప్పుడు రాస్తే తప్పుతాడు. ఫెయిలని పడితే జన్మంతా మచ్చ. మంచిమాటగా టి.సి. తీసుకుంటే మేలు."

"అంటే వానికి చదువు అబ్బలేదంటారు."

నేను కాగితం ముందుకు జరిపాను.

"మీరు చదువుకున్నోళ్ళు. మా మంచికే చెప్తారు," అని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టాడు. పోతూ పోతూ నాకు దండం పెట్టాడు.

తండ్రుల్లో ఒక్కడే ఎదురు తిరిగాడు. నల్లచెరువు వైపు నుంచి వచ్చిన రైతు. ఆయన కొడుకు మార్కులు పెనుకొండ కుర్రవాడి వాటికంటే తక్కువ. "ఎందుకు పెట్టల్ల సంతకం?" అన్నాడు. "వాన రాదేమోనని విత్తనం ఎయ్యకుండా ఉంటామా ఏం? ఫెయిలయితే అయినాడు. రాయనీ."

"పరువు పోతుందయ్యా," అన్నాను.

"పరువు నాది గదప్పా. నీకేం నొప్పి?"

ఆయన సంతకం పెట్టలేదు. ఏం చేయలేక ఆ కొడుకును పరీక్షకు పంపాం.

జూన్‌లో ఫలితాలొచ్చాయి. శాతం నేను చెప్పినట్టే పెరిగింది. ప్రిన్సిపాలుగారు వరండాలో బోర్డు పెట్టించారు. అంకెలు నా చేతనే రాయించారు. నల్లచెరువు రైతు కొడుకు తప్పాడు. చూశారా, నా లెక్క తప్పలేదు అనుకున్నాను.

సెప్టెంబరులో వాడు మళ్ళీ రాశాడు. పాసయ్యాడు. తండ్రీకొడుకులు ఆఫీసుకు వచ్చి అందరికీ వేరుశెనగ ఉండలు పంచారు. "ఒగ వాన తప్పిపోతే ఇంగొగటి పడింది," అన్నాడు ఆ రైతు. నాకు కూడా రెండు ఉండలు పెట్టాడు.

ఉండ చేతిలో ఉండగానే బుర్రలో ఏదో కదిలింది. ఆ సాయంత్రం గ్రంథాలయానికి పోలేదు. ఆఫీసు బీరువాలోని యూనివర్సిటీ నిబంధనల పుస్తకం తీసి చదివాను. ఒకసారి పరీక్ష రాసి తప్పినవాడు మళ్ళీ కాలేజీకి రానక్కరలేదు, ఎన్నిసార్లయినా రాసుకోవచ్చు. రాయకముందే మానినవాడు మొదటి రోజు నుంచి మళ్ళీ చేరాలి, ఏడాదంతా హాజరు కావాలి. ఫెయిలయినవాడికి సెప్టెంబరు ఉంది. హాలు టికెట్టు రానివాడికి ఏ నెలా లేదు. ఆ పుస్తకం నా కుర్చీ వెనకే ఉండేది. ఊళ్ళో ఉన్న పుస్తకాలన్నీ చదివినవాణ్ణి, దాన్ని తెరవలేదు.

వచ్చే జూన్‌లో మళ్ళీ చేర్చుకునే ఫారం ఒకటి పట్టుకుని ఆదివారం పెనుకొండ పోయాను. తండ్రి అంగడిలో ఉన్నాడు. కొడుకు ధర్మవరంలో మేనమామ దగ్గర పట్టు మగ్గం నేర్చుకుంటున్నాడని చెప్పాడు. తరవాతి బండికి ధర్మవరం వెళ్ళాను.

మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి లేవబోయాడు. కూర్చోమని విషయం చెప్పాను. తప్పు నాదేనని కూడా చెప్పాను. అతను తెగిన పోగొకటి ముడివేశాడు. తరవాత అన్నాడు:

"ఫెయిలయింటే మా నాయన నన్ను బాగా తిట్టేవాడు సార్. తిట్టి మళ్ళా రాయమనేవాడు. మీ దగ్గరకు వచ్చిపోయినాక ఒగ మాట కూడా తిట్టలేదు. అన్నం పెట్టి, పండుకో అన్నాడు. అప్పుడే అనుకుంటి, ఇంగ నాది అయిపోయిందని."

"ఇప్పుడైనా చేరు. ఫారం తెచ్చాను."

"మళ్ళా మొదట్నుంచీనా?" నవ్వాడు. "ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతాండాది సార్. పని సగంలో ఇడిసిపెట్టడం ఒగసారి అయింది, చాలు."

ఫారం అక్కడే పెట్టి వచ్చాను. జూన్‌లో అది రాలేదు.

సంగతంతా ప్రిన్సిపాలుగారికి చెప్పాను. "నువ్వు చెప్పిన లెక్కే కదయ్యా," అన్నారు. కోపంగా కాదు, నిజంగానే ఆశ్చర్యపోతూ. ఆ ఏడూ జాబితా తయారైంది. దరఖాస్తులు నేనే రాశాను. ఇద్దరు ముగ్గురు తండ్రులకు మాత్రం సంతకం పెట్టొద్దని వరండాలో చెవిలో చెప్పాను. మిగతావాళ్ళకు చెప్పే ధైర్యం లేకపోయింది. ఉద్యోగం పోతుందని భయం. రెండేళ్ళ తరవాత నన్ను వేరే బల్లకు మార్చమని అడిగాను. ఆ పని ఇంకొకరికి ఇచ్చారు. జాబితా ఆగలేదు.

ఇది రాయడానికి సాయపడినవాళ్ళున్నారు. పేర్లు రాస్తే వాళ్ళ ఊరివాళ్ళు ఆరాలు తీస్తారు కాబట్టి రాయడం లేదు. పెనుకొండ గ్రంథాలయంలో దీపం ఆర్పే వేళ దాటినా నన్ను లేపని పెద్దాయనకు కృతజ్ఞుణ్ణి. మరిచిపోయిన సంగతులు గుర్తుచేసిన మా అటెండరు కొడుక్కి, నాకంటే బాగా లెక్క తెలిసిన నల్లచెరువు రైతుకు కూడా. ధర్మవరంలో ఉన్న ఆ మనిషికి ఇదంతా చదివి వినిపించాను. మధ్యలో ఒకచోట ఆపి, జనవరిలో తను పేజీకి ఒక మాటే వెతికేవాణ్ణని సరిదిద్దబోయి, సరేలెండి, ఉండనీయండి అన్నాడు. ఆయనకూ కృతజ్ఞుణ్ణి.

నా మాట నమ్మి సంతకాలు పెట్టిన తండ్రులకు మాత్రం కృతజ్ఞత చెప్పడం సరికాదు. వాళ్ళకు చెప్పవలసింది వేరే మాట. వాళ్ళుండగా ఒక్కరి ఇంటికీ పోయి అది చెప్పలేదు. ఆ పెనుకొండ అంగడికి ఆ ఆదివారం పోయినప్పుడు కూడా, కొడుకు ఎక్కడున్నాడని మాత్రమే అడిగి వచ్చేశాను.