పొట్లంలో పంచదార

దేగు నగరంలో మా షెడ్డులో ఇనుప గేట్లు తయారయ్యేవి. నీలం రంగు, రెండు రెక్కలు, మధ్యలో సింహం మొహం, దాని నోట్లో రింగు. వాటికి కీళ్లు అమర్చే పని ప్యో గిల్‌మాన్‌ది. ఆయన నిలబెట్టిన గేటు చంటిపిల్ల నెట్టినా తెరుచుకునేది, ఎన్ని వానాకాలాలు పోయినా కిర్రుమనేది కాదు. ఆయన గురించి ఇంతకన్నా చెప్పకపోయినా సరిపోయేది. కానీ ఆయన బతుకులో సగం కీళ్లకు పోతే, మిగతా సగం తన ఊరి పేరు దాచడానికి పోయింది.

షెడ్డు యజమాని నమ్‌గుంగ్‌కి లోకంలో చెడు ఎక్కడ పుడుతుందో కచ్చితంగా తెలుసు. జొల్లా ప్రాంతంలో. అతుకు ఊడిందంటే "ఇది జొల్లా వెల్డింగు" అనేవాడు. ఆ అతుకు ఎవరు పెట్టారన్నది ఆయనకు అనవసరం. ఊడినవాటిలో సగం ఆయన చేతివే. మా షెడ్డులో జొల్లా వాళ్లెవరూ లేరు, ఆయన పెట్టుకోడు. మనిషి లేకపోయినా ఆ పేరు మాత్రం రోజూ పనిలోకి వచ్చేది.

ఆ మాటకు అందరికంటే ముందు నవ్వేది గిల్‌మాన్. నవ్వి ఊరుకోడు, పైన ఇంకోటి తగిలించేవాడు.

"జొల్లా వాడు గేటు చేయించుకోడానికొస్తే గడియ బయట పెట్టండి మేస్త్రీ గారూ. లోపలున్నది దొంగే కదా!"

నమ్‌గుంగ్ పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "నువ్వు అసలు సిసలు క్యోంగ్‌సాంగ్ మనిషివయ్యా!" క్యోంగ్‌సాంగ్ అంటే దేగు ఉన్న ప్రాంతం, జొల్లాకి పక్కది.

వేసవిలో మధ్యాహ్నం షెడ్డుకి కోంగుక్సు తెప్పించేవాళ్లు. చల్లటి సోయా పాలలో నూడుల్స్. దేగులో అందులో ఉప్పు వేసుకుంటారు. జొల్లాలో పంచదార వేసుకుంటారు. గిల్‌మాన్ ఉప్పు గిన్నె ముందుగా లాక్కుని, కాస్త ఎక్కువే వేసుకుని, మందు తాగినట్టు తినేవాడు. ఉప్పంటే ఆయనకు ప్రాణమని మేమంతా అనుకున్నాం.

ఇలా ఉండగా ఆయన కూతురు ఉన్‌సిల్, నమ్‌గుంగ్ కొడుకు హ్యోక్ ఒకరినొకరు ఇష్టపడ్డారు. నమ్‌గుంగ్‌కి అభ్యంతరం లేదు. గిల్‌మాన్ మంచి పనివాడు, పైగా తన ప్రాంతం వాడు. రెండు కుటుంబాలూ ఒకచోట కూర్చుని భోజనం చేస్తే సంబంధం ఖాయమైనట్టే. పెళ్లిపెద్దగా నన్ను పిలిచారు. ఇద్దరినీ కలిపింది నేను కాదు, కానీ ఎవరో ఒకరు కలిపినట్టు కనబడాలి కదా.

ముందు రోజు గిల్‌మాన్ నన్ను గేట్ల వెనక్కి తీసుకెళ్లాడు.

"తమ్ముడూ, మా అమ్మ వస్తానంటోంది. మనవరాలి సంబంధం, రావద్దని ఎలా అనను?"

"రానీ అన్నా. దానికేం?"

"దానికేమా? ఆవిడ నోరు తెరిచిందంటే మొదటి మాటకే తెలిసిపోతుంది. మాది గురే."

గురే అంటే జొల్లా.

"గడియ బయట పెట్టాలన్నావే, ఆ గురేనా?"

"ఎగతాళి తర్వాత చెయ్యి. ఇది తెలిస్తే పెళ్లీ ఉండదు, నాకు పనీ ఉండదు. అమ్మకి గొంతు పోయిందని చెబుతాను. నువ్వు అవునను, చాలు."

ముసలమ్మ ఒప్పుకుంది. తనకు గొంతు పోయిందని మనవరాలి కోసం ఒప్పుకున్న మనిషి, మరి దేనికీ ఒప్పుకోలేదని తర్వాత తెలిసింది.

హోటల్లో బల్లకి ఒకవైపు నమ్‌గుంగ్, ఆయన భార్య, హ్యోక్, నమ్‌గుంగ్ తల్లి. ఇటువైపు గిల్‌మాన్ దంపతులు, ఉన్‌సిల్, ముసలమ్మ. చివర నేను. ఇద్దరు ముసలమ్మలూ ఎదురెదురుగా కూర్చున్నారు. నమ్‌గుంగ్ తల్లి మామూలుగానే మాట్లాడదు. ఆవిడ కోడలిగా వచ్చిన దగ్గర్నుంచీ అంతేనని అందరూ మెచ్చుకునేవాళ్లు.

"మాది జిరి కొండ రక్తం బావగారూ," అన్నాడు నమ్‌గుంగ్. "మా అమ్మ ఆ కొండ నీళ్లు తాగి పెరిగింది. అందుకే మా మాటలో వంకర ఉండదు."

"మీ మొహంలోనే తెలుస్తుందండి," అన్నాడు గిల్‌మాన్.

చేపలు, మాంసం అయ్యాయి. చివర్లో ఎండగా ఉందని హోటల్ వాళ్లు కోంగుక్సు పెట్టారు. బల్ల మీద ఉప్పు గిన్నె. గిల్‌మాన్ అలవాటుగా దాన్ని లాక్కున్నాడు.

అప్పుడు ఆయన తల్లి నడుము దగ్గర చెయ్యి పెట్టి కాగితం పొట్లం తీసింది. దేగులో పంచదార పెట్టరని ఆవిడకి ఎవరో చెప్పి ఉంటారు. పొట్లం విప్పి తన గిన్నెలో పెద్ద చెంచాతో వేసుకుంది. మంచి తిండి ఎదుటివాళ్లకి పెట్టకుండా తినడం ఆవిడకి తెలియదు. చెయ్యి చాపి నమ్‌గుంగ్ తల్లి గిన్నెలోనూ ఒక చెంచా వేసింది.

"ఏవిటది?" అన్నాడు నమ్‌గుంగ్.

"మందండి," అన్నాడు గిల్‌మాన్. "గొంతుకి."

"మరి మా అమ్మ గొంతుకేమైంది?"

ఉన్‌సిల్ తన గిన్నె ముసలమ్మ ముందుకి జరిపింది. "ఇంక చాలు నాన్నా. నానమ్మా, నాకూ వెయ్యి."

నమ్‌గుంగ్ పొట్లంలోకి వంగి చూశాడు. ఒక గింజ నాలుక మీద పెట్టుకున్నాడు. మొహం ఎర్రబడింది. "పంచదార! అంటే మీరు... జొ..."

ఈలోగా నమ్‌గుంగ్ తల్లి గిన్నె ఎత్తి తాగడం మొదలుపెట్టింది. ఆపలేదు. అడుగు కనబడ్డాక దింపి మూతి తుడుచుకుంది.

"యా వూరు తల్లీ మీది?" అంది.

గొంతు పోయిన ముసలమ్మ వెంటనే బదులిచ్చింది. "గురే అక్కా. మీదో?"

"ఉన్‌బోంగ్."

"అట్లనా! కొండకవతల పక్కే గదా! మీ సంతకొచ్చినా నేను, చిన్నప్పుడు."

నమ్‌గుంగ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "అమ్మా, ఉన్‌బోంగ్ అంటే జొల్లా కదే!"

"నేను పుట్టినప్పుడు అది ఉన్‌బోంగేరా. నువ్వు పెద్దయినాక జొల్లా అయింది."

"ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగితివా? మీ తాత ఉప్పేసుకోమన్యాడు, ఏసుకుంటి. నోరు మూసుకోమన్యాడు, మూసుకుంటి." ఆవిడ గిన్నె ముందుకి జరిపింది. "ఇంగొంచెం ఉంటే పెట్టు తల్లీ."

నమ్‌గుంగ్ లేచి బయటికి పోయాడు. కిటికీలోంచి ఆయన సిగరెట్టు పొగ కనబడింది. గిల్‌మాన్ తల వంచుకుని, "అయిపోయింది తమ్ముడూ," అన్నాడు. హ్యోక్ మాత్రం పొట్లం తీసుకుని తన గిన్నెలో వంచుకున్నాడు. రుచి నచ్చినట్టు లేదు, అయినా వదలకుండా తిన్నాడు.

సిగరెట్టు అయ్యాక నమ్‌గుంగ్ వచ్చి కూర్చున్నాడు. లెక్క తేల్చుకున్నవాడి మొహం.

"అమ్మా, ఉన్‌బోంగ్ వాగు ఎటు పారుతుంది?"

"తూరుపుకి."

"అదీ సంగతి! తూర్పుకి పారి మా నక్‌డోంగ్ నదిలో కలుస్తుంది. నీళ్లు మావి అయినప్పుడు మనిషి జొల్లా ఎలా అవుతుంది?" అని గిల్‌మాన్ వైపు తిరిగాడు. "మీ గురేలో ఏ నది?"

"సొమ్‌జిన్ అండి."

"కింద హాదోంగ్ దగ్గర దాని ఒడ్డు ఎవరిది?"

"ఒక పక్క... మీదేనండి."

"మరింకేం! చేపలు అడిగి దాటుతాయా? మీరూ దాదాపు మావాళ్లే."

"అయితే జొల్లా వాళ్లెవరు మేస్త్రీ గారూ?" అని నేను అడిగాను.

"వాళ్లు ఇంకా అవతల ఉంటారు," అన్నాడు నమ్‌గుంగ్ గట్టిగా. పెళ్లి ఖాయమైంది.

ఆ వారంలోనే షెడ్డులో ఒక గేటు రెక్క అతుకు ఊడి నేల మీద పడింది. నమ్‌గుంగ్ దాన్ని కాలితో తిప్పి చూశాడు. "ఇది జొ..." అని నోరు తెరిచి, కొత్త వియ్యంకుణ్ణి చూసి ఆగాడు. షెడ్డంతా ఆయన కోసం ఎదురుచూసింది. అతుక్కి ఏదో ఒక ఊరు కావాలి.

"ఇది చుంగ్‌చోంగ్ వెల్డింగు!" అన్నాడు.

చుంగ్‌చోంగ్ నేను పుట్టిన ప్రాంతం. మావాళ్లకి ఏదైనా బుర్రకెక్కడం ఆలస్యమని దేశమంతా అంటుంది. నేను ఆకురాయి పక్కన పెట్టి తల ఎత్తేసరికి అందరి నవ్వూ అయిపోవచ్చింది.

అందరికంటే ముందు నవ్వింది గిల్‌మానే. ఇన్నేళ్ల అలవాటు. పైన ఇంకోటి తగిలించడానికి నోరు కూడా తెరిచాడు. అప్పుడు నా వైపు చూశాడు. నోరు మూసుకుని వంగి, ఊడిన రెక్క భుజానికెత్తుకుని నా బల్ల మీద పెట్టాడు.

"ఆ చివర పట్టుకో తమ్ముడూ," అన్నాడు.

ఇద్దరం కలిసి అతికాం. ఆ మధ్యాహ్నం కోంగుక్సు వచ్చింది. గిల్‌మాన్ జేబులోంచి పొట్లం తీసి అందరి ఎదుటా వేసుకున్నాడు. నమ్‌గుంగ్ ఆ గిన్నె వైపు కాసేపు చూసి, "నది పక్కవాళ్లు అలాగే తింటారు," అని మాకు వివరించాడు.