నూట పద్నాలుగు పెళ్లిళ్లు చేసిన పెద్దమ్మ

మా పెద్దమ్మ నూట పద్నాలుగు నవలలు రాసింది. అచ్చయ్యాక వాటిలో ఒక్కదాన్ని కూడా మళ్లీ తెరిచి చూడలేదు. "చూస్తే దిద్దాలనిపిస్తుంది. దిద్దే ఓపిక ఎక్కడిది?" అనేది. తను మాత్రం పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నూట పద్నాలుగు పెళ్లిళ్లు దగ్గరుండి చేశాను. ఇంకా చాల్లేదా?" అని నవ్వేసేది. ఆ నవ్వు కూడా చివరి రోజుల్లో సగంలోనే ఆగిపోయేది.

నవలల్లోకి దిగకముందు పెద్దమ్మ మంచినీళ్ల ఆఫీసులో గుమాస్తా. ఫిర్యాదుల విభాగం. కిటికీ లేని గది, గోడవారగా ఇనప బీరువాలు, బల్ల మీద రోజూ ఓ గంపెడు ఉత్తరాలు. మూడు రోజులుగా కుళాయి రావడం లేదని ఒక్క ముక్క రాస్తే సరిపోయేదానికి జనం నాలుగేసి పేజీలు రాసేవాళ్లట. నీళ్లు పట్టే దగ్గర మాటా మాటా పెరిగి ఆడపడుచు అలిగి వెళ్లిపోయిందని ఒకావిడ. పై వాటా వాళ్లు మోటారు పెట్టి నీళ్లన్నీ లాగేస్తున్నారని, నలభై ఏళ్ల స్నేహం ఆ మోటారుతో పోయిందని ఒక పెద్దాయన. వాటన్నిటి మీదా 'తగు చర్య నిమిత్తం' అని రాసి పై అధికారికి పంపడం పెద్దమ్మ పని. కాగితాలు పై గదికి వెళ్లిపోయేవి. వాటిలో మనుషులు మాత్రం పెద్దమ్మ వెంట ఇంటికొచ్చేవాళ్లు. అలా ఒకరోజు ఆడపడుచు అలిగిన కథ రాసి ఓ వారపత్రికకి పంపింది.

అది అచ్చయింది. మరొకటి రాసింది. మూడోదానికి పత్రిక నుంచి ఉత్తరమొచ్చింది, సీరియల్ రాస్తారా అని. ఆ సీరియల్ పూర్తయ్యేలోపు పబ్లిషరుగారు స్వయంగా ఆఫీసుకే వచ్చి, ఇనప బీరువాల మధ్య స్టూలు మీద కూర్చుని, "మీరు ఈ కొట్లో ఏం చేస్తున్నారమ్మా?" అన్నాడట. ఏడాది తిరిగేసరికి పెద్దమ్మ ఉద్యోగం మానేసింది.

మా నాన్న పోయాక అమ్మా నేనూ పెద్దమ్మ ఇంటికి చేరేనాటికి నాకు ఏడేళ్లు. అప్పటికే తనకి ఊపిరి సలిపేది కాదు. వారానికి రెండు సీరియళ్లు, మూడు నెలలకో నవల. పొద్దున్న ఎనిమిదింటికి ముందుగదిలో బల్ల ముందు కూర్చుంటే ఒంటిగంటకి లేచేది. కథ ఎలా నడవాలో పబ్లిషరుగారు ముందే చెప్పేవాడు. మూడో భాగంలో అపార్థం రావాలి. ఏడులో వాన కురవాలి. పదకొండులో అమ్మాయికి జబ్బు చెయ్యాలి, మరీ పెద్ద జబ్బు కాకూడదు. ఆఖర్లో పెళ్లి. "జనానికి ఇదే కావాలమ్మా, మనదేం పోయింది" అనేవాడు. పెద్దమ్మ తలూపేది.

ఒక్కసారి మాత్రం ఎదురు తిరుగుదామనుకుంది. పెళ్లి కాకుండా, ఇద్దరూ చెరో దారి పట్టినట్టు ఓ నవల ముగిద్దామని పట్టుబట్టి కూర్చుంది. ఆ వారంలోనే మా అమ్మకి కంటి పరీక్ష చేయించడానికి ఆసుపత్రికి వెళ్లాం. వరండాలో బెంచీ మీద మా పక్కనే ఒకావిడ పెద్దమ్మ నవలే చదువుతోంది. పుస్తకం తెరవగానే నేరుగా ఆఖరి పేజీకి పోయింది. అది చదివి, ఓ నిట్టూర్పు విడిచి, అప్పుడు మొదటి పేజీ తీసింది.

పెద్దమ్మ ఉండబట్టలేక అడిగింది. "అదేంటమ్మా, చివర ముందే చదివేస్తే ఇంకేం మిగులుతుంది?"

"పెళ్లవుతుందని తెలిస్తేనే మొదలుపెడతానండీ," అందావిడ. "మా ఆయన లోపల ఉన్నాడు, ఆపరేషన్ గదిలో. ఇక్కడ ఏమవుతుందో ఎలాగూ నాకు తెలీదు. కనీసం ఇందులోనైనా తెలియాలి కదా."

తనే ఆ రచయిత్రినని పెద్దమ్మ చెప్పలేదు. ఇంటికొచ్చి, ఆ నవలకి మాట్లాడకుండా పెళ్లి చేసేసింది.

అలా ముప్పై ఏళ్లు గడిచాయి. నేను ఆడపిల్లల స్కూల్లో సైన్సు టీచర్నయ్యాను. పెద్దమ్మ కుడిచేతి బొటనవేలు మొరాయించింది. మొదట తిమ్మిరి, తర్వాత నొప్పి, ఆ తర్వాత చెంచా కూడా పట్టుకోలేకపోయింది. డాక్టరు చూసి, "ఇది అరిగిపోయిందమ్మా. ఇక దీన్ని వదిలెయ్యండి," అన్నాడు. పెద్దమ్మ మొహంలో నేను చూసింది దిగులు కాదు. సెలవు దొరికిన పిల్ల మొహం అది. కానీ పబ్లిషరుగారు మర్నాడే టేప్ రికార్డర్ పంపించాడు.

దాని ముందు కూర్చుంటే పెద్దమ్మకి మాట పెగిలేది కాదు. "గోడకి కథ చెప్తున్నట్టుందే, అది ఊ కూడా కొట్టదు," అనేది. చివరికి మా అమ్మే ఎవర్నో వాకబు చేసి, కోర్టులో రిటైరైన స్టెనోగారిని తీసుకొచ్చింది.

ఆయన సన్నగా, నిటారుగా ఉండేవాడు. ముప్పై ఒక్కేళ్లు జడ్జిగారి ముందు కూర్చుని సాక్షులు చెప్పింది చెప్పినట్టు రాసినవాడు. నవలలు చదివే అలవాటు లేదు. మొదటిరోజే చెప్పేశాడు. "మేడమ్, నేను కలపను, తీయను. మీ నోట్లోంచి వచ్చింది కాగితం మీద ఉంటుంది. అంతే."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. మొదటివారం టైపు చేసిచ్చిన కాగితాల్లో కథానాయకుడి ప్రేమలేఖ మధ్యలో 'ఒసే చెల్లీ, పాలు పొంగుతున్నట్టున్నాయి చూడు' అని ఉంది. అమ్మా నేనూ పడీ పడీ నవ్వాం. మేం చూపిస్తే పెద్దమ్మ దాన్ని కొట్టేసింది. ఆ తర్వాత ఇంటి మాటల్ని ఆయనే గుర్తుపట్టి వదిలేసేవాడు. అప్పుడప్పుడూ పెన్ను ఆపి, "మేడమ్, ఆ అబ్బాయి లోపలికెలా వచ్చాడు? రెండో పేజీలో తలుపుకి తాళం వేయించారు," అని అడిగేవాడు. ముప్పై ఏళ్లలో పెద్దమ్మని అలాంటి ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఒక మంగళవారం పొద్దున్న పన్నెండో భాగం చెబుతోంది. పరీక్ష పేపర్లు దిద్దుతూ నేను పక్కగదిలోనే ఉన్నాను. కథలో అత్తవారింటికి చుట్టాలొచ్చారు. మొహం కాస్త నవ్వుతూ పెట్టమని భర్త అంటాడు, ఆ అమ్మాయి జవాబు చెప్పాలి. అక్కడ పెద్దమ్మ ఆగింది. తర్వాత తనకి తనే చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"నవ్వి నవ్వి నా దవడలు నొప్పెడుతున్నాయి. ఎవరికేం కావాలో అదే ఇచ్చాను ఇన్నేళ్లూ. వాన కావాలంటే వాన, ఏడుపు కావాలంటే ఏడుపు. నాకేం కావాలని ఎవరూ అడగలేదు, అది వాళ్ల తప్పు కాదు, అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క పూట పడుకుంటాను. నన్నెవరూ లేపకండి. అన్నం వేళకి కూడా లేపకండి."

పెన్ను గరగర ఆగలేదు. "ఈ పూటకి చాలు," అని పెద్దమ్మ లేచి వెళ్లి మంచం మీద వాలిపోయింది. ఆయన టైపు చేసి, అలవాటు ప్రకారం కవర్లో పెట్టి, పత్రిక ఆఫీసులో ఇచ్చేశాడు. అచ్చుకి ముందు చదువుకునే అలవాటు పెద్దమ్మకి ఎప్పుడో పోయింది.

శుక్రవారం స్టాఫ్ రూములో లెక్కల టీచరు పత్రిక తెరిచి పైకి చదువుతోంది. 'అన్నం వేళకి కూడా లేపకండి' దగ్గర ఆవిడ చదవడం ఆపేసింది. చుట్టూ కూర్చున్న నలుగురూ కళ్లు దించుకున్నారు. మంగళవారం పక్కగదిలోంచి నేను విన్న మాటలే అవి.

సాయంత్రం పత్రిక తెచ్చి పెద్దమ్మ చేతిలో పెట్టాను. మొత్తం చదివింది. స్టెనోగారిని పిలిపించింది.

"ఇది నేను రాయమన్నానా?"

"ఆపమని మీరు చెప్పలేదు మేడమ్. ఇంటి మాటయితే నాకు తెలిసేది. ఇది ఆ అమ్మాయి మాటలాగే ఉంది."

పెద్దమ్మ పత్రిక మడిచి బల్ల మీద పెట్టింది. "అవును, అలాగే ఉంది," అంది.

ఉత్తరాలు అంతకు ముందెప్పుడూ రానన్ని వచ్చాయి. 'అమ్మా, ఇది నా గొంతే' అని ఒకావిడ రాస్తే, 'మా ఆయనకి చదివి వినిపించాను, ఆ పూట వంట ఆయనే చేశాడు' అని ఇంకొకావిడ. పబ్లిషరుగారు పళ్లబుట్ట పట్టుకుని దిగాడు.

"ఇన్నాళ్లూ ఇది ఎక్కడ దాచారమ్మా! అలసట బ్రహ్మాండంగా పోతోంది. ఇలాంటివి ఇంకో పది భాగాలు కావాలి. పెళ్లి మాత్రం, ఆ అమ్మాయి చెల్లెలిదైనా సరే, ఆఖర్లో ఉండనివ్వండి."

"అలసట కూడా అమ్ముడుపోతుందా?" అంది పెద్దమ్మ.

"మీరు రాస్తే ఏదైనా పోతుంది," అన్నాడాయన, మెచ్చుకుంటున్నాననుకుని.

పెద్దమ్మ కాదనలేకపోయింది. కాదనడం తనకి చేతకాదు. మరుసటి మంగళవారం కుర్చీలో కూర్చుని మొదలుపెట్టింది. ఆ అమ్మాయి ఎంత అలసిపోయిందో, ఎన్ని ఏళ్ల నుంచి అలసిపోతోందో చెబుతూ పోయింది. మాటలు బాగానే ఉన్నాయి, నాకైతే బాగానే అనిపించాయి. సగం పేజీ అయ్యాక స్టెనోగారు పెన్ను పక్కన పెట్టేశాడు.

"మన్నించాలి మేడమ్. నేను కలపను, తీయను, అడగను కూడా. కానీ కోర్టులో ఒక రకం సాక్షులుంటారు. ఎవరో నేర్పి పంపిస్తే వచ్చి అప్పజెప్తారు. మొన్న మీరు చెప్పింది అలా లేదు. ఇవాళ ఇది అలా ఉంది."

అమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. పెద్దమ్మకి కోపమొస్తుందని ఇద్దరం భయపడ్డాం. తను మాత్రం చెంగుతో మొహం తుడుచుకుని, "నిజమే స్టెనోగారూ. నాకూ వినిపిస్తోంది," అంది. ఆ పేజీ చించేయించింది.

పదమూడో భాగంతోనే సీరియల్ ముగించేసింది. అందులో ఆ అమ్మాయి మధ్యాహ్నమంతా పడుకుంటుంది. ఇంట్లోవాళ్లు చప్పుడు చేయకుండా తిరుగుతారు. సాయంత్రం లేచి మొహం కడుక్కుంటుంది. అంతే. చెప్పడం పూర్తయ్యాక, "ఇక నేను రాయను," అంది మాతో, నూనె డబ్బా అయిపోయిందని చెప్పినంత మామూలుగా.

పుస్తకంగా వచ్చినప్పుడు చూస్తే ఆఖర్న రెండు పేజీలు ఎక్కువున్నాయి. భర్త వచ్చి క్షమించమంటాడు, చెల్లెలి పెళ్లి జరుగుతుంది, బయట వాన. ఎవరిచేత రాయించారో తెలీదు. నాకు ఒళ్లు మండిపోయింది. దెబ్బలాడదాం పద అన్నాను.

"వాళ్లకి పెళ్లి కావాలి. చేసుకోనీవే," అంది పెద్దమ్మ, అటు తిరిగి పడుకుంటూ.

ఆ తర్వాత ఆరేళ్లు బతికింది. స్టెనోగారు మంగళవారాలు మానలేదు. పని లేకపోయినా వచ్చి పేపరు చదివి వినిపించేవాడు, ఒక్క మాట కలపకుండా. పెద్దమ్మ సగంలో నిద్రపోతే వార్త పూర్తిచేసి లేచేవాడు. పెద్దమ్మ పేరుతో నవలలు మాత్రం వస్తూనే ఉన్నాయి. ఏడాదికి మూడో నాలుగో, ఎవరెవరో రాసినవి. అభ్యంతరం చెప్పడానికి కావలసిన ఓపిక పెద్దమ్మకి కూడబెట్టుకున్నా దొరకలేదు.

ఓ ఆదివారం ఒకావిడ రెండు బస్సులు మారి మా ఇంటికొచ్చింది. చేతిలో అలాంటి కొత్త నవలే. సంతకం కావాలంది. ఇది చదివాకే తన కూతురితో మళ్లీ మాట్లాడానని, ఎనిమిదేళ్ల మౌనం తెగిపోయిందని చెప్పి కళ్లు తుడుచుకుంది. పెద్దమ్మ శ్రద్ధగా విని, ఎడమచేత్తో, చిన్నపిల్లల రాతలా వంకరటింకరగా సంతకం పెట్టింది. మంచినీళ్లు ఇప్పించి పంపింది.

తలుపు వేసి వచ్చి నేను అడిగాను. "నువ్వు రాసింది కాదని చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"చెప్తే ఏమవుతుందే? కూతురితో మాట్లాడింది కదా."

కళ్లజోడు తీసి నా చేతికిచ్చింది. ఎవరు రాశారో కాస్త కనుక్కోమంది. కనుక్కుని ఏం చేస్తావంటే, "ఆ అమ్మాయెవరో, వేళకి తింటోందో లేదో," అని కళ్లు మూసుకుంది.