రాయి మీద 73:9

మా ఆయన లెక్కల మాస్టారు. ముప్పై రెండేళ్ల కాపురంలో నా చేయి పట్టుకుని చెప్పిన మాటలు తక్కువ, సుద్దముక్క పట్టుకుని చెప్పినవి ఎక్కువ. వాటిలో నాకు నిజంగా అర్థమైంది ఒక్కటే, 73939133 సంగతి.

అది ప్రధాన సంఖ్య. ఒకటీ, తనూ తప్ప దాన్ని ఏదీ శేషం లేకుండా భాగించదు. అలాంటివి ఎన్నో ఉన్నాయట, దీని గొప్ప వేరు. కుడివైపు నుంచి ఒక్కో అంకె చెరిపేస్తూ పోతే, చివరికి 7 ఒక్కటే మిగిలేదాకా, ప్రతిసారీ మిగిలింది ప్రధాన సంఖ్యే. ఇలా చెరపడానికి లొంగేవాటిలో ఇదే అన్నిటికన్నా పెద్దది. కార్ఖానా బస్తీలోని మా ఇంట్లో, వంటింటి తలుపు మీద, పొయ్యి మీద పప్పు మాడుతుండగా, ఆయన ఇదంతా రాసి చెరిపి చూపించారు.

"నా సమాధి మీద బైబిలు వాక్యం వద్దు, ఇది వేయించు" అన్నారు. నేను సరేనని పొయ్యి కట్టేశాను.

ఆయన పోయాక పాస్టరుగారిని ఒప్పించడానికి రెండు వారాలు పట్టింది. మా ఇంట్లో భార్యాభర్తలకు ఒకటే రాయి. ఎడమ సగం ఆయనది, కుడి సగం నాది, ప్రస్తుతానికి ఖాళీ. బన్సీలాల్‌పేట్‌లో రాళ్లు చెక్కే భాయ్‌కి కాగితం ఇచ్చాను. పైన పేరు, తేదీలు, అడుగున ఎనిమిది అంకెలు.

రాయి నిలబెట్టిన రోజు వెళ్లి చూస్తే అడుగున 73:9 అని ఉంది.

"ఇదేంటి భాయ్?"

"ముప్పై ఏండ్ల సంది మీ చర్చోళ్ల రాళ్లే చెక్కుతున్న మేడమ్. కింద నంబరుంటే వాక్యమే గద, అధ్యాయం, వచనం. గంత లంబా నంబర్ ఏ కితాబుల సుత ఉండదు. రాసుడుల తప్పు పోయిందనుకొని, ముందటి మూడు అంకెలే ఉంచి జెర సాఫ్ చేసిన."

సాఫ్ చేశాడట. నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన జీవితంలో నన్ను అడిగింది ఇదొక్కటే, అదీ చేయలేకపోయానని అక్కడే నిలబడి ఏడ్చాను.

కాసేపటికి ముక్కు తుడుచుకుని, చుక్కలు వదిలేసి చదివాను. 739. సంచిలోంచి మందుల చీటీ తీసి, దాని వెనక 2 నుంచి 23 దాకా ఉన్న తొమ్మిది ప్రధాన సంఖ్యలతో భాగించి చూశాను. అంతకు మించి చూడనక్కర్లేదని ఆయనే నేర్పారు. ఒక్కదానికీ లొంగలేదు, ఇదీ ప్రధాన సంఖ్యే. ఆయన మాట మీద నమ్మకం లేక కాదు, అంతసేపూ ఆయన పక్కన ఉన్నట్టు అనిపించింది.

"కొత్త రాయి చెక్కిస్తా మేడమ్, పరేషాన్ కాకుండ్రి."

"వద్దు. ఆ రెండు చుక్కలూ సిమెంటుతో పూడ్చండి చాలు."

"మరి మిగిలిన అయిదు అంకెలు?"

చీటీ మీద 39133 అని రాసి భాయ్ చేతికిచ్చాను.

"దాచి ఉంచండి భాయ్. నేను వచ్చినప్పుడు నా సగంలో ఇవి చెక్కండి. మధ్యలో మాత్రం చుక్కలు పెట్టకండి."