భూపాలపల్లిలో ఐర్లాండ్

"వచ్చెయ్ బిడ్డా. కాని ఇంటికి రాకు."

బాపు ఫోన్లో ఈ మాట అన్నప్పుడు నేను డబ్లిన్‌లో గది ఖాళీ చేస్తున్నాను. మూడేళ్ళు నాకు అన్నం పెట్టిన ప్రెషర్ కుక్కర్‌ను, కొత్తగా దిగిన గుంటూరు పిల్లకు ఇచ్చేద్దామని తోముతున్నాను. ఆ పిల్ల మంచిదే గానీ, నేను "జర గా గిన్నె ఇటియ్యి" అంటే చాలు, జోకు విన్నట్టు నవ్వేది. కుక్కర్ అసలైతే ఉచితంగా ఇద్దామనుకున్నాను. ఆ నవ్వులన్నీ గుర్తొచ్చి, బదులుగా ఆమె దగ్గరున్న ఆవకాయ సీసా తీసుకున్నాను.

చదువు ఎప్పుడో అయిపోయింది. ఆ తర్వాత ఉద్యోగం వెతుక్కోవడానికి ఇచ్చే గడువు కూడా అయిపోవచ్చింది. జనగామలో హోల్‌సేల్ కిరాణం వ్యాపారి పెద్ద కూతుర్ని, పట్టా పుచ్చుకుని, సముద్రాలు దాటి, ఓ సూపర్‌మార్కెట్లో బియ్యం సంచులు సర్దాను. ఆ పనికి మా దుకాణం చాలదా? ఏడ్చాను, నన్ను నేను తిట్టుకున్నాను, చివరికి ఇంటికి పోదామని తేల్చుకున్నాక మనసు తేలికపడింది. సరిగ్గా అప్పుడు బాపు అన్న మాట అది.

"ఇంటికి రాకపోతే ఏడికి రావాలె?" అన్నాను.

"చెల్లెకు సంబంధం కుదిరింది బిడ్డా. మానుకోటోళ్ళు. మిర్చి వ్యాపారం, మంచి కుటుంబం. పెద్దపిల్లకు గాడ పెద్ద నౌకరున్నది, ఇప్పట్ల పెండ్లి వద్దంటున్నదని చెప్పినం. నువ్వు వచ్చి ఇంట్ల కూసుంటే ఏమనుకుంటరు?"

ఏమనుకుంటారో నాకూ తెలుసు. పెద్దది ఇంట్లో ఉండగా చిన్నదానికి చేస్తున్నారంటే పెద్దదానికి ఏదో ఉందనుకుంటారు. అంతకుముందు రెండు సంబంధాలు "పెద్దదానికెందుకు కాలే?" అన్న ఈ ఒక్క ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. చెల్లె ఆ రెండుసార్లూ దుకాణంలో బిల్లులు కొట్టుకుంటూ కూర్చుంది. ఈసారి అలా కాదు. ఈ మానుకోట, అంటే మహబూబాబాద్, అబ్బాయి దానికి నచ్చాడు. ఫోన్లో అతని పేరు చెప్పడానికి కూడా సిగ్గుపడి "గాయన" అంటోంది. ఈ పెళ్ళి చెడిపోతే అది నా వల్లే చెడిపోతుంది. నాకు ముక్కు మీద కోపం అని మా ఇంట్లో అందరూ అంటారు. ఆ కోపం ఆ పూట ఎక్కడికి పోయిందో, "సరే" అన్నాను.

హైదరాబాద్‌లో దిగేసరికి నన్ను తీసుకుపోవడానికి వచ్చింది బాపు కాదు, భూపాలపల్లిలో ఉండే మా మేనత్త భర్త. మామ మంచివాడు, మాట తక్కువ. భూపాలపల్లికి పోవాలంటే జనగామ మీదుగానే పోవాలి. బైపాస్ ఎక్కగానే మా ఊరి వైపు తిరిగే దారి కనిపించింది. ఆ దారిన పోతే పది నిమిషాల్లో ఇల్లు. మామ అద్దంలో నన్ను చూసి, "జర తల వంచు బిడ్డా, మనోళ్ళెవరన్న ఉంటరు" అన్నాడు. మూడేళ్ళ తర్వాత సొంత ఊరిని, చున్నీ ముఖాన కప్పుకుని, కారు సీటు కింద పడున్న నీళ్ళ సీసాను చూస్తూ దాటాను. నా ఊపిరే నాకు వెచ్చగా తగిలింది. అంత అవమానం డబ్లిన్‌లో ఎవరూ నాకు చెయ్యలేదు.

మేనత్తవాళ్ళది బొగ్గుబాయి కార్మికుల క్వార్టర్ల ఎదురుగా కిరాణం. కింద దుకాణం, పైన మూడు గదులు. అందులో వెనక గది నాది. కిటికీ తీస్తే బొగ్గు లారీల దుమ్ము, మూస్తే ఉక్క. షిఫ్టు మారినప్పుడల్లా సైరన్ మోగేది. ఆ వెంటనే కార్మికులు కింద దుకాణం దగ్గర ఆగి బీడీలు, బిస్కెట్లు కొనుక్కునేవాళ్ళు. వాళ్ళు పగలంతా భూమి లోపల ఉండి సాయంత్రానికి పైకొస్తున్నారు. నేను పైనే ఉండి బయటికి రాలేకపోతున్నాను.

దుకాణానికి వచ్చే ఆడవాళ్ళకు నన్ను చూపించి ఏం చెప్పాలి? మేనత్త దానికీ ఒకటి సిద్ధం చేసింది. "మా దూరపు చుట్టాల పిల్ల. గ్రూప్స్‌కు చదువుతున్నది." అంటే జనగామకు నేను ఐర్లాండ్‌లో ఉద్యోగిని, భూపాలపల్లికి సర్కారు కొలువు కోసం పుస్తకాలు ముందేసుకున్న పిల్లను. రెండు ఊళ్ళలోనూ నేను లేను. ఎవరైనా మెట్లెక్కిన చప్పుడైతే కాకతీయుల చెరువుల గురించి గట్టిగా చదివేదాన్ని. ఒకావిడ వాళ్ళ బిడ్డకు లెక్కలు చెప్పమంది. చెప్పాను. ఆ కొంచెం సేపే నాకు మనిషినన్నట్టు ఉండేది.

అన్నిటికంటే పెద్ద నరకం వీడియో కాల్. చుట్టాలు ఊరుకుంటారా? పెళ్ళి కుదిరిన ఇల్లు, అక్క విదేశంలో ఉంది, అందరూ చూడాలంటారు. మేనత్త గోడకు తెల్లటి దుప్పటి కట్టింది. చప్పుడు వినిపిస్తుందని ఫ్యాన్ ఆపేది. నేను ఉన్ని స్వెటర్ తొడుక్కుని కూర్చునేదాన్ని. బయట ఎండాకాలం మొదలైంది. వీపు మీద చెమట కాలువలు కడుతుంటే, "ఈడ మస్తు సలి పెద్దమ్మా, ఏం చెప్పాలె" అనేదాన్ని. ఒకసారి మాట్లాడుతుండగా "పాత ఇనుప సామాన్లు కొంటం, పాత కూలర్లు కొంటం" అని కింద ఆటో మైకు మొదలుపెట్టింది. పక్క గదిలో తెలుగు పిల్లలు సినిమా చూస్తున్నారని చెప్పాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డి కోసం అన్నట్టుంది నా బతుకు.

నిశ్చితార్థం మహబూబాబాద్‌లో జరిగింది. భూపాలపల్లి నుంచి ఒక పూట తోవ. మేనత్తా మామా పొద్దున్నే పట్టుబట్టలు కట్టుకుని కారెక్కారు. నన్ను లోపల పెట్టి బయట తాళం వేశారు. ఎవరైనా వచ్చి తలుపు కొడితే కష్టమని తాళం నేనే వెయ్యమన్నాను. ఉంగరాలు మార్చుకునే సమయానికి అమ్మ ఫోన్ చేసి, తెరను అందరివైపూ తిప్పింది. చెల్లె ఆకుపచ్చ చీరలో ఉంది. దాని జడ సరిగ్గా కుదరలేదు, ఎప్పుడూ నేనే వేసేదాన్ని. అబ్బాయి తల్లి తెరలోకి వంగి చూసి, "మొఖం గట్ల ఎర్రగైందేంది బిడ్డా? గాడ అంత సలి ఉన్నదా?" అంది. ఉన్నదన్నాను. ఫోన్ పెట్టేశాక స్వెటర్ విప్పి గోడకేసి కొట్టాను. తాళం వేసిన ఇంట్లో, గోడకు కట్టిన ఆ దుప్పటి కింద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను.

ఆ సాయంత్రం చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, నాకీ పెండ్లొద్దు. నువ్వింటికి రా" అంది.

"నోర్ముయ్" అన్నాను. "గిన్ని రోజులు నేను స్వెటర్ల ఉడికింది నువ్వు పెండ్లొద్దనేటందుకా?"

బాపు మాత్రం అన్ని నెలల్లో ఒక్కసారీ భూపాలపల్లి రాలేదు. వస్తే ఎవరైనా కనిపెడతారని భయం. అమ్మ ఒకసారి వచ్చి, అన్నం కలిపి ముద్దలు పెట్టి, సాయంత్రం బస్సుకు పోయింది. బాపు మీద నాకు పీకల దాకా కోపం ఉండేది. ఇంటికి రావడానికి కూడా అనుమతి అడగాల్సిన కూతుర్ని చేశాడు నన్ను.

పెళ్ళికి వారం ముందు నేను "విదేశం నుంచి రావాలని" అందరూ కలిసి నిర్ణయించారు. దానికి ఏర్పాట్లు చూడాలి! పాత ప్రయాణం నాడు పెట్టెలకు కట్టిన విమానం చీటీలు చింపొద్దని అమ్మ మొదటే చెప్పింది, అవి అలాగే ఉన్నాయి. మేనత్త హన్మకొండకు పోయి విదేశీ చాక్లెట్లు కొనుక్కొచ్చింది. వాటి మీది ధరల కాగితాలు ఇద్దరం కూర్చుని గోళ్ళతో గీకాం. మామ మళ్ళీ నన్ను కారెక్కించి, మళ్ళీ జనగామ దగ్గర తల వంచమని, విమానాశ్రయం దాకా తీసుకుపోయి, పెట్టెలతో సహా ఒక స్తంభం పక్కన దించి మాయమయ్యాడు. ఏ విమానమూ దిగకుండా, దిగినవాళ్ళ మధ్యలో సామాన్ల బండి పట్టుకుని నిలబడ్డాను.

బాపు వచ్చాడు. వెంట అమ్మ, చెల్లె, ఇద్దరు ముగ్గురు చుట్టాలు. బాపు జుట్టు బాగా తెల్లబడింది. నేను వెళ్ళేనాటి బాపు కాదు. నా దగ్గరకొచ్చి రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. చుట్టూ అంతా నాటకమే గానీ ఆ ఏడుపు నాటకం కాదు. నిజంగానే మూడేళ్ళకు పైగా ఆయన నన్ను ఎదురుగా చూడలేదు. తిడదామని నెలల తరబడి కూడబెట్టుకున్న మాటలన్నీ గొంతులోనే ఉండిపోయాయి. నేనూ ఏడ్చాను.

అలా ఇంటికి చేరాను. చేరీ చేరలేదు. వచ్చినవాళ్ళందరిదీ ఒకటే ప్రశ్న, "మళ్ళెప్పుడు పోతవు?" అమ్మ నాకంటే ముందే "పెండ్లైన పది రోజులకు" అనేది. అంటే పది రోజుల తర్వాత మళ్ళీ భూపాలపల్లి, మళ్ళీ వెనక గది. ఎన్నాళ్ళు? ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. నేనడిగితే బాపు, "ముందు చెల్లె పెండ్లి కానీ" అన్నాడు.

పెళ్ళికి నాలుగు రోజుల ముందు అబ్బాయి తల్లి చీరలు చూపించడానికి మా ఇంటికి వచ్చింది. చీరలతోపాటు ఒక పెద్ద అట్టపెట్టె కూడా తెచ్చి నా ముందు పెట్టింది. అందులో మిరపపొడి, సకినాలు, నువ్వుల లడ్డూలు.

"మా అక్క కొడుకు గాడనే చదువుతున్నడు బిడ్డా, నీ ఊర్లనే. పిల్లగాడు పచ్చడి మెతుకులు తిని సన్నబడ్డడు. నీ పెట్టెల జర జాగ చెయ్యి. వాడే విమానం కాడికొచ్చి తీసుకుంటడు."

ఎవరైనా దేశం దాటుతున్నారంటే మావైపు పార్శిల్ ఇవ్వని ఇల్లు ఉండదు. మేం చాక్లెట్ల దాకా ఆలోచించాం, దీన్ని ఆలోచించలేదు. నేను బాపు వైపు చూశాను. బాపు చీరల వైపు చూశాడు. ఈలోగా ఆమె తన అక్క కొడుక్కి వీడియో కాల్ కలిపి ఫోన్ నా చేతిలో పెట్టింది.

"అక్కా, నమస్తే. ఏ రోజు దిగుతున్నరు? నేనొస్త. మీరుండేది ఏ ఏరియా?"

కిటికీలోంచి వెలుగు పడుతున్న నిజమైన డబ్లిన్ గది ఆ తెరలో కనిపించింది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.  "టికెట్ ఇంక కాలే" అని బాపు అందుకోబోయాడు.

చెల్లె లేచింది. నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "మళ్ళ చేస్తం" అని పెట్టేసింది. ఎవరి ముందూ గొంతెత్తని పిల్ల, కాబోయే అత్త ముందు నిలబడి అంది:

"అత్తమ్మా, అక్క పోదు. అక్క చదువైపోయింది, నౌకరి దొరకలే, వచ్చేసింది. వచ్చి శానా రోజులైంది. భూపాలపల్లిల మా మేనత్త ఇంట్ల దాచిపెట్టినం. నా పెండ్లి ఆగుతదని."

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అబ్బాయి తల్లి చీర మడతపెడుతున్నదల్లా ఆగింది.

"నిశ్చితార్థం నాడు ఫోన్ల కనవడ్డది గదా?"

"గప్పుడు గూడ భూపాలపల్లిలనే ఉన్నది."

"మరి గా స్వెటరు?"

 ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. పెళ్ళి పోయిందనే అనుకున్నాను. నేను చెల్లె చెయ్యి పట్టుకున్నాను.

ఆమె బాపు వైపు తిరిగింది. "అన్నా, పిల్ల చదువుకొనొచ్చింది. దొంగతనం చేసి రాలే. మానుకోటకు ఒక పూట తోవల ఉండి, సొంత చెల్లె నిశ్చితార్థం ఫోన్ల చూసుడేంది? మా ఇంటికి రానియ్యని పాపం మేమేం చేసినం?"

పెద్దదాని పెళ్ళి ఎందుకు కాలేదని ఆమె అడగలేదు. మేం సిద్ధం చేసుకున్న జవాబులన్నీ ఆ ప్రశ్నకే.  బాపు చేతులు జోడించబోతే ఆమె వద్దంది.

"కోపమైతే ఉన్నది. మా ఇంటాయనకు నేను చెప్పుకుంట. ఇంకేమన్న దాచిన్రా? ఉంటే గిప్పుడే చెప్పున్రి."

అమ్మ కొంగు తీసి, "చాక్లెట్లు హన్మకొండల కొన్నం వదినా" అంది.

ఆమె నవ్వాపుకోలేకపోయింది. వెళ్ళేటప్పుడు అట్టపెట్టె మాత్రం మర్చిపోకుండా తీసుకుపోయింది. వరంగల్ నుంచి ఎవరో డబ్లిన్ పోతున్నారట.

పెళ్ళి జరిగింది. చెల్లె జడ నేనే వేశాను. వియ్యాలవారికి తెలిసిందే గానీ జనగామ బజారుకు ఇంకా తెలియదు. భోజనాల దగ్గర నేను వడ్డిస్తుంటే ఎదురింటి పెద్దమ్మ విస్తరి ముందు కూర్చుని అడిగింది, "మళ్ళెప్పుడు పోతవు బిడ్డా?"

పక్క వరుసలో అమ్మ అలవాటుగా నోరు తెరిచింది. బాపు నీళ్ళ జగ్గు పట్టుకుని ఆగిపోయాడు. ఈసారి నేనే చెప్పాను.

"పోను పెద్దమ్మా. నౌకరి దొరకలే. ఇగ ఇంటికాడనే ఉంట."

"అయ్యో" అంది పెద్దమ్మ. ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మరి నీ పెండ్లెప్పుడు?"

అదిగో, వచ్చింది. ఈ ఒక్క మాట పడకుండా ఉండటానికే నన్ను ఇన్నాళ్ళు తాళం వేసి ఉంచారు. వరుసలో అందరూ తలెత్తి చూశారు. బాపు ముఖం పాలిపోయింది.

"ముందు తిను పెద్దమ్మా, పప్పు సల్లారుతది" అని ఇంకో గరిటె వేసి పక్క విస్తరికి జరిగాను. బాపు నా వెనకే నీళ్ళు పోసుకుంటూ వచ్చాడు.