ఒకేలా ఉన్న ఖాళీ కుర్చీలు

యూనివర్సిటీ రీడింగ్ రూమ్‌లో సీటు కోసం నా స్నేహితురాలు చీకటితోనే వచ్చి లైన్లో నిలబడేది. అడిక్‌మెట్‌లో ఆమె ఉండే గదిలో నలుగురమ్మాయిలు. ఒకరు ఫోన్లో మాట్లాడుతుంటే ఇంకొకరు కుక్కర్ పెడతారు. గ్రూప్స్‌కి చదవాలంటే ఈ హాలు తప్ప ఆమెకు వేరే దిక్కు లేదు. ఆ లైను చూసి నాకు ఒళ్ళు మండి, ముందురోజే ఫోన్లో సీటు ఎంచుకునే వెబ్ పేజీ చేస్తానన్నాను. లైబ్రరీ మేడమ్ ఒక్కరోజు ట్రయల్‌కి ఒప్పుకున్నారు. గొడవైతే మళ్ళీ పాత లైనే అన్నారు.

పేజీలో ఒక్కో కుర్చీ ఒక్కో పచ్చ పెట్టె. నంబర్లు వేస్తే అందం పోతుందని వేయలేదు. తాకిన పెట్టె ఎర్రబడాలి, అంతే. ట్రయల్‌కి ముందు సాయంత్రం తార్నాకలో మా ఇంటి కింద టిఫిన్ సెంటర్లో కూర్చుని ఆమె చేతికి ఫోనిచ్చాను. కిటికీ పక్క పెట్టెను నొక్కింది. తలుపు పక్కది ఎర్రబడింది.

"ఏందే గిది? నేనొకటి నొక్కితే ఇంకోటి ఎర్రగైతున్నది!"

మళ్ళీ నొక్కితే దాని పక్కది. ఎక్కడ నొక్కినా వరసలో మొదటి ఖాళీ కుర్చీయే. భయపడాల్సింది పోయి నాకు భలే సరదా పుట్టింది. దోసె చల్లారనిచ్చి ల్యాప్‌టాప్ తెరిచాను. నొక్కిన పెట్టె ఏదో తెలుసుకోవడానికి నా జావాస్క్రిప్ట్ కోడ్ మొదటి నుంచి ఒక్కోదానితో పోల్చుకుంటూ వస్తోంది. అందుకు నేను వాడిన ఈజ్‌ఈక్వల్‌నోడ్ అనే ఆదేశం రెండు పెట్టెలూ ఒకేలా ఉన్నాయా అని మాత్రమే చూస్తుంది. ఖాళీవన్నీ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి కాబట్టి మొదటిదాని దగ్గరే ఆగిపోతోంది. వరసగా మూడు సమానం గుర్తులు పెడితే, రెండూ అసలు ఒకే పెట్టేనా అని చూస్తుంది.

ఆమె ముందున్న ప్లేటు చూపించి, "ఈ రెండు ఇడ్లీలూ ఒకేలా ఉన్నాయా? ఒకటి తిన్నా రెండోది ఉంటుంది కదా, అదే తేడా," అన్నాను.

"గదంతా నాకెందుకే? రేపు నడుస్తదా లేదా, గది చెప్పు."

కోడ్‌లో ఆ ఒక్క లైను మార్చాను. ఈసారి కిటికీ పక్కది నొక్కితే కిటికీ పక్కదే ఎర్రబడింది. సంబరంగా టేబుల్ మీద దరువేసి, "ఇక నీ ఇష్టం. ఫ్యాను కిందదా, ప్లగ్గు పక్కదా?" అని అడిగాను.

ఆమె సరిగ్గా చూడకుండానే ఒకటి నొక్కేసింది.

"అది బాత్రూమ్ పక్కది!"

"ఏదైతేంది? కూసోనికి జాగ దొరికింది గదా. అయితే రేపు ఏడింటిదాక పండుకోవచ్చా?"

పడుకోవచ్చన్నాను. నా పాత తప్పుతో కూడా ఆమెకు కావలసింది దొరికేదని అప్పుడు తట్టింది. నవ్వొచ్చింది, కాస్త బాధేసింది కూడా. మర్నాడు ట్రయల్ గొడవ లేకుండా జరిగింది. ఆమె తొమ్మిదింటికి తలస్నానం చేసి, తడి జుట్టుతో వచ్చి కూర్చుంది.