నీలవేణి ఏరిన ఆకుపచ్చ చీర

నాలుగేళ్ల కిందటి దసరా. పలాసలో ఓ బట్టల షాపులో చీరల సెక్షన్ నా చేతికొచ్చి అప్పటికి పన్నెండేళ్లు. ఫ్లోర్ ఇన్‌చార్జి అని పేరు పెద్దదే గానీ, పని మాత్రం కొనేవాళ్లనూ అమ్మేవాళ్లనూ కనిపెట్టుకుని ఉండటమే.

పండగ రోజుల్లో మా దగ్గర 'కుప్ప' అని ఒక పద్ధతి ఉండేది. మనిషి పరుపు మీద కూర్చోగానే సేల్స్‌వాళ్లు గబగబా చీరలు విప్పి ముందు పోసేస్తారు. చూసి చూసి కళ్లు తిరిగి ఏదో ఒకటి తీసుకుంటారు. దాన్నే మేం వ్యాపారం అనుకునేవాళ్లం.

ఆ రోజు పూండి వైపు నుంచి నీలవేణి వచ్చింది, వెంట వాళ్ల వదిన. నీలవేణికి పాతికేళ్లుంటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల నెమ్మది, మాటలు కూడదీసుకుని మాట్లాడుతుంది. జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. తన సంపాదనతో మొదటిసారి అమ్మకు పండగ చీర కొనాలని వచ్చింది. నేనేమో ఆమె ఎదుటే వదినను అడిగాను, "అమ్మాయికి ఎలాంటిది కావాలంట?" అని. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఆ గుంటకేటి తెలుత్తాది అప్పా! మా అత్తకి నానేరుతాను, నువ్వు తియ్యి" అంది వదిన.

కుప్ప పడింది. పైన స్పీకరు హోరు. నీలవేణి చెవులు మూసుకుని గోడకేసి తిరిగిపోయింది. ఓనరు కౌంటర్ నుంచే కేకేశాడు.

"రమణమ్మా, ఆ పిల్లని బయట బెంచీ మీద కూకోబెట్టు. రద్దీ సూత్తన్నావు కదా!"

నాకు ఒళ్లు మండింది. "కొనడానికొచ్చింది ఆ పిల్లే. బయట కూకోబెడితే నానూ బయటే కూకుంటాను" అన్నాను.

స్పీకరు నేనే కట్టేశాను. కుప్పంతా ఎత్తించి, మూడంటే మూడు చీరలు పరిచాను. వదిన నోరు తెరవబోతే చేత్తో ఆపి, "నీకేది నచ్చిందమ్మా?" అని నీలవేణినే అడిగి ఊరుకున్నాను. ఆ ఊరుకోవడమే కష్టం. నోరు మూస్తే బేరం పోతుందని కదా మాకు నేర్పేది.

మూడు తీసి మూడు పరుస్తూ పోయాను. చివరికి నీలవేణి ఓ చిలకాకుపచ్చ నేత చీర మీద చెయ్యి వేసి, ఇక తీయలేదు.

"ఇదేటే! మావ పోయినకాడ్నుంచి అత్త ఇలాటియి కట్టదు. ఊరు నవ్వుతాది" అంది వదిన.

నీలవేణి చీరను దగ్గరికి లాక్కుని అంది, "అమ్మకి... పచ్చ ఇట్టం. ఎవులూ... కొననేదు."

బిల్లయ్యాక వదిన నా చెవిలో, "స్టిక్కరు ఉంచు అప్పా, పండగెల్లాక మార్సుకెల్తాం" అని గొణిగింది. నా మనసు చివుక్కుమంది.

పండగ వెళ్లిన వారానికి నీలవేణి మళ్లీ వచ్చింది, వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని. మార్చడానికే అనుకున్నాను. తీరా చూస్తే ఆ తల్లి ఒంటి మీదే ఉంది చిలకాకుపచ్చ చీర.

"దీనికి కలిసే జాకెట్టు గుడ్డ సూపించమ్మా. మా నీల కొన్నాది" అంది, షాపంతా వినేలా.

అప్పటినుంచి నా సెక్షన్లో కుప్ప లేదు. పండగ రోజుల్లో పొద్దుటి మొదటి గంట స్పీకరు ఉండదు. ఓనరు గొణిగితే, వేరే మనిషిని చూసుకోమన్నాను. ఇంతవరకూ చూసుకోలేదు. సేల్స్‌వాళ్లు ఎవరైనా పక్కమనిషిని అడగబోతే, ఎంత రద్దీలోనైనా అక్కడే ఆపుతాను. "కొనేది ఎవులో ఆల మొకం సూసి అడుగు."